మెస్సు తాత ఆ రోజు ఊళ్ళో లేడు

మన సినిమాల్లో చావు ఎంత మర్యాదగా వస్తుందో ఎప్పుడైనా గమనించారా? తూటా ఎక్కడ తగిలినా సరే, చచ్చిపోయే మనిషికి ఒక డైలాగు చెప్పుకునే టైము ఉండితీరుతుంది. "నన్ను చంపింది... నన్ను చంపింది..." అంటూ అసలు పేరు మాత్రం మింగేసి తల వాల్చేస్తాడు. హీరోగారికైతే తూటా ఎప్పుడూ భుజంలోనే దిగుతుంది. ఆపరేషన్ థియేటర్ బయట ఎర్రలైటు ఆరుతుంది. డాక్టరుగారు కళ్ళజోడు తీస్తూ వచ్చి "బుల్లెట్ తీసేశాం, ఇంక భయంలేదు" అంటారు. ఆ బుల్లెట్ ఏ తుపాకీది, ఏ వైపు నుంచి వచ్చింది, తీసినాయన దాన్ని ఎవరి చేతిలో పెట్టాడు అని ఒక్కరూ అడగరు. అడిగితే పాట పెట్టడానికి చోటుండదు కదా!

నేనూ అడిగేవాణ్ణి కాదు. ఒక వీడియో క్యాసెట్టు, ఒక గోడపత్రిక, ఒక మెస్సు తాత కలిసి నాకా ప్రశ్న నేర్పారు. నేర్చుకున్న తీరు చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. అయినా చెప్తాను.

అది 1993. నేను ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఏ. మొదటి సంవత్సరం. హాస్టల్లో పండగ వచ్చినా పరీక్షలైపోయినా మాకు ఒకటే వేడుక. తలా కాస్త చందా వేసుకుని తార్నాకలో వీడియో షాపు నుంచి వి.సి.ఆర్. అద్దెకు తేవడం, తెల్లవార్లూ సినిమాలు చూడడం. ఆ రాత్రి రెండు తెలుగు సినిమాలు, ఒక ఇంగ్లీషు సినిమా తెచ్చాం. ఇంగ్లీషుది ఆలివర్ స్టోన్ తీసిన 'జె.ఎఫ్.కె.'. 1991 చివర్లో విడుదలై అమెరికాని అట్టుడికించిన చిత్రం. ఛాయాగ్రహణానికీ, ఎడిటింగుకీ ఆస్కార్లు వచ్చాయి. మూడు గంటల పైచిలుకు. సగం మంది మధ్యలోనే నిద్రపోయారు. నేను మాత్రం రెప్ప వేస్తే ఒట్టు!

చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. 1963 నవంబర్ 22న డల్లాస్ నగరంలో ప్రెసిడెంటు కెనెడీ టాపులేని కారులో వెళ్తుండగా కాల్చి చంపారు. ముందు సీట్లో ఉన్న టెక్సాస్ గవర్నరు కానలీకీ గాయాలయ్యాయి. వెనక ఉన్న పుస్తకాల గిడ్డంగి ఆరో అంతస్తులో ఒక రైఫిలు, మూడు ఖాళీ గుళ్ళు దొరికాయి. అక్కడ పనిచేసే ఆస్వాల్డ్‌ని పట్టుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే అతన్ని పోలీసుల మధ్యలోనే ఇంకొకడు కాల్చేశాడు. ఇంక విచారణ ఎవర్ని చేస్తారు? వారెన్ కమిషన్ 1964లో "చంపింది ఆస్వాల్డ్ ఒక్కడే" అని తేల్చింది. కెవిన్ కోస్ట్నర్ వేసిన న్యూ ఆర్లియన్స్ ప్లీడరు "కాదు" అని కోర్టుకెక్కుతాడు. అదీ సినిమా.

ఈ గొడవంతటికీ మూలం మరో సినిమా. ఆ రోజు ఊరేగింపుని జప్రూడర్ అనే బట్టల వ్యాపారి తన చిన్న ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరాతో తీశాడు. నిడివి 26 సెకన్లు. మొత్తం 486 బొమ్మలు, సెకనుకి సుమారు 18. సినిమా పిచ్చోళ్ళం కాబట్టి మనకి ఈ లెక్క చక్కగా అర్థమవుతుంది. ఆ రైఫిలుతో ఒకసారి కాల్చి, బోల్టు లాగి, మళ్ళీ కాల్చడానికి తక్కువలో తక్కువ 2.3 సెకన్లు పడుతుందని పరీక్షలో తేలింది. అంటే 42 బొమ్మలు. తెర మీద కెనెడీ గొంతు పట్టుకోవడానికీ, కానలీ బాధతో మెలికలు తిరగడానికీ మధ్య అన్ని బొమ్మలు లేవు. అయితే తుపాకులు రెండైనా అయ్యుండాలి, లేకపోతే ఒకే తూటా ఇద్దర్నీ తొలిచైనా ఉండాలి. కమిషన్ రెండోదే నిజమంది. తూటా ఒకటే. కెనెడీ వీపులో దూరి గొంతులోంచి బయటికొచ్చి, కానలీ వీపులో దూరి పక్కటెముక విరిచి, మణికట్టు విరిచి, తొడలో ఆగిందట. అంత పని చేసిన తూటా ఆస్పత్రి స్ట్రెచర్ మీద దాదాపు చెక్కుచెదరకుండా దొరికిందట!

కోర్టు సీనులో కోస్ట్నర్ ఇద్దర్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతిలో కర్రతో ఆ తూటా గాల్లో ఎన్ని వంకర్లు తిరగాలో చూపిస్తుంటే మా కామన్ రూములో ఈలలు పడ్డాయి. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

పక్కన మా మేనబావ కూర్చున్నాడు. మెడిసిన్ ఆఖరి సంవత్సరం. తార్నాకలో రూము తీసుకుని ఉండేవాడు, సినిమా అంటే మా హాస్టలుకి ఎగబడి వచ్చేవాడు. వాడు చప్పట్లు కొట్టలేదు.

"కుర్చీలు తప్పు వేశార్రా" అన్నాడు.

"ఏం కుర్చీలు బావా?"

"గవర్నరు కూర్చున్నది మడత సీటు. ప్రెసిడెంటు సీటు కన్నా కాస్త కిందికి, కాస్త లోపలికి ఉంటుంది. మనిషి పక్కకి తిరిగి ఉన్నాడు. ఆ లెక్కన కూర్చోబెడితే తూటాకి వంకర అక్కర్లేదు. ఈ సినిమావాడు ఇద్దర్నీ సరిగ్గా ఒకరి వెనక ఒకర్ని కూర్చోబెట్టి తూటా వంకర తిరగాలంటున్నాడు."

నాకు ఒళ్ళు మండింది. "అయితే గొంతులో గాయం సంగతేంటి? ఆస్పత్రి డాక్టర్లే ముందు నుంచి తగిలిందన్నారుగా!"

"అన్నారు. అదే అసలు కథ" అన్నాడు బావ.

డల్లాస్ పార్క్‌లాండ్ ఆస్పత్రికి తెచ్చేటప్పటికి కెనెడీకి ఇంకా కొన ఊపిరి కొట్టుకుంటోంది. గాలి ఆడ్డానికి గొంతుకి కోత పెట్టాలి. డాక్టరు పెరీ కత్తి పెట్టింది సరిగ్గా గొంతు మీదున్న ఆ చిన్న చిల్లు మీదే. తూటా దూరిన చోట చిల్లు చిన్నగా ఉండి, చుట్టూ చర్మం గీరుకుపోయిన వలయం ఉంటుంది. బయటికొచ్చిన చోట సాధారణంగా పెద్దగా, చిరుగుగా ఉంటుంది. సాధారణంగా అన్నమాట, ఎప్పుడూ కాదు. కోత పెట్టాక ఇంక ఆ చిల్లు చిన్నదో పెద్దదో చూసేదేముంది? ఆ మధ్యాహ్నమే పత్రికలవాళ్ళు చుట్టుముడితే, లోపలికి దూరిన గాయంలా కనిపించిందని పెరీ అనేశాడు. ఆ రాత్రి బెథెస్డా నేవీ ఆస్పత్రిలో శవపరీక్ష చేసిన డాక్టర్లకి గొంతులో కోత కనపడింది గానీ దాని కింద గాయం ఉందని తెలియనే తెలియదు. మర్నాడు పొద్దున హ్యూమ్స్ అనే డాక్టరు పెరీకి ఫోన్ చేస్తేగానీ సంగతి బయటపడలేదు. అప్పటికి శవం చేతిలో లేదు. పైగా హ్యూమ్స్ రక్తపు మరకలంటిన కాగితాలూ, మొదటి చిత్తుప్రతీ ఇంట్లో కాల్చేశానని తనే ఒప్పుకున్నాడు. ఇక జనం ఊరుకుంటారా!

"ఇందులో కుట్ర ఉండొచ్చు, లేకపోవచ్చు" అన్నాడు బావ. "కానీ ఆ గొంతు మీద కత్తి పెట్టినవాడు కుట్రదారు కాదురా. ప్రాణం నిలబెట్టాలని పెట్టాడు. సాక్ష్యం పాడవడానికి దొంగే అక్కర్లేదు."

"నీ ముఖం! నువ్వు ఎప్పుడూ సర్కారు పక్షమే" అని లేచి వచ్చేశాను. నెలరోజులు వాడితో మాట్లాడలేదు.

ఇక్కడ నేను మీకు మా క్యాంపస్ గురించి చెప్పాలి.

ఉస్మానియాలో చదివినవాడికి జార్జిరెడ్డి పేరు ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. తండ్రి చిత్తూరు వైపు, తల్లి కేరళ. పుట్టింది పాలక్కాడులో. ఫిజిక్సులో గోల్డ్ మెడలిస్టు, రీసెర్చి విద్యార్థి, బాక్సింగ్ నేర్చినవాడు, విద్యార్థుల నాయకుడు. 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర కత్తులతో పొడిచి చంపేశారు. పాతికేళ్ళ వయసు. పట్టపగలులాంటి క్యాంపస్‌లో, అంతమంది మధ్య జరిగిన ఆ హత్య కేసులో నిందితులు చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. అంటే చట్టం దృష్టిలో జార్జిని ఎవరూ చంపలేదు. ఇది తలచుకుంటే మాకు రక్తం ఉడికేది. ఇప్పటికీ ఉడుకుతుంది.

తూటా లేదు కాబట్టి కత్తి లెక్క చెప్పుకునేవాళ్ళం. ఎన్ని పోట్లు? ఎవరు ముందు, ఎవరు వెనక? ఒక్కో గదిలో ఒక్కో లెక్క. మా సీనియరు చెప్పినదానికి నేను రెండు కలిపి జూనియర్లకి చెప్పాను. వాళ్ళు ఎన్ని కలిపారో నాకు తెలీదు. పోస్టుమార్టం కాగితం మాలో ఒక్కడు చూస్తే ఒట్టు. చూడాలని కూడా అనుకోలేదు.

ఆ ఏప్రిల్‌లో వర్ధంతికి గోడపత్రిక వేద్దామనుకున్నారు. నా దస్తూరీ బావుంటుందని నాకప్పగించారు. తలలో ఇంకా కోస్ట్నర్ కర్ర తిప్పుతూనే ఉన్నాడు. ఫక్తు క్లైమాక్సులాగా రాశాను. ఎవడు ఎటు నుంచి వచ్చాడు, మొదటి పోటు ఎక్కడ, పోలీసు ఎన్ని అడుగుల దూరంలో నిలబడ్డాడు... అన్నీ! రాసి చదువుకుంటే ఏదో వెలితి. ఎవరు చూశారు ఇదంతా? కోర్టులో నిలబడని సాక్షి నా గోడ మీదైనా నిలబడాలి కదా. అప్పుడు గుర్తొచ్చాడు, మెస్సు తాత.

ఆయన పేరు ఎవరికీ పట్టదు, అందరికీ తాతే. 1972కి ముందు నుంచీ మెస్సుల్లో పనిచేస్తున్నాడు. పొద్దున ఉప్మా మాడినా ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, తాతంటే అంత ప్రేమ. "ఆనాటి ప్రత్యక్షసాక్షి, మన మెస్సు తాత చెప్పిన నిజం" అని పైన ఎర్ర స్కెచ్చు పెన్నుతో శీర్షిక పెట్టాను. తాతని అడగలేదు. అడగాలని తోచలేదంటే నమ్ముతారా? అక్కడ ఉండే మనిషి చూసే ఉంటాడుగా అనుకున్నాను.

గోడపత్రిక అదిరిపోయింది. పక్క హాస్టళ్ళ నుంచి వచ్చి చదివి వెళ్ళారు. కొందరు చూసి రాసుకున్నారు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

నాలుగో రోజు రాత్రి పదింటికి తలుపు చప్పుడు. తాత. భుజాన తువ్వాలు, చేతులింకా తడి ఆరలేదు. గదిలోకి రమ్మంటే రాలేదు.

"బిడ్డా, గోడ మీద నా ముచ్చట రాసింది నువ్వేనట గదా?"

అవునన్నాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"ఎవరో ఇద్దరొచ్చిండ్రు. నువ్వు సూసినవా, ఎవర్ని సూసినవ్, పేర్లు జెప్పమని ఒక్కటే అడుగుడు. సారు గూడ పిలిచిండు. నాకు సదువు రాదు బిడ్డా. ఏం రాసినవో ఇంకోడు సదివి ఇనిపించిండు."

"ఉన్నమాటే కదా తాతా. నువ్వు అప్పుడిక్కడే పనిచేస్తున్నావుగా?"

"పనిజేస్తున్న. గానీ ఆ దినం ఊర్ల లేను. మా సెల్లె పెండ్లికి ఊరికి వోయిన. తిరిగొచ్చెటాలకు అంత అయిపోయింది. ఇరవై ఏండ్ల సంది అందరడుగుతున్నరు, తాతా నువ్వు సూసినవా అని. సూడలేదంటే భయపడ్డడంటరు. సూసినంటే సంబురపడ్తరు. సూడంది సూసినని ఎట్ల జెప్పాలె? ఆ పోరనికి అన్నం వెట్టినోన్ని నేను. ఆయన సావు మీద అబద్ధమాడుదునా?"

నాకు నోట మాట రాలేదు.

"రేపటికి తీసేయి బిడ్డా. నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు" అని వెళ్ళిపోయాడు.

రేపటిదాకా ఆగలేదు. అప్పుడే వెళ్ళి చింపేశాను. చింపుతుంటే అటుగా వెళ్తున్న ఇద్దరు జూనియర్లు ఆగి చూశారు. "ఎవరో బెదిరించారంటరా అన్నా?" అన్నారు. చూశారా! నేను చింపడం కూడా ఒక సాక్ష్యమైపోయింది. కాదని చెప్పాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని తలలూపారు. అర్థమైందిలే అన్నా అన్నట్టు.

మర్నాడు సాయంత్రం తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటలు దగ్గర బావని పట్టుకున్నాను. నెలరోజుల తర్వాత. రెండు చాయ్‌లు చెప్పి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. చాయ్ పూర్తిగా తాగి, నెమ్మదిగా అన్నాడు.

"ఆ డల్లాస్ డాక్టరు కత్తి పెట్టింది ప్రాణం కోసం. నువ్వు దేనికోసం పెట్టావురా?"

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

హబ్సిగూడ వైపు నడిచాం. ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి. గేటు ముందు బావ ఆగాడు. జీవకణాల మీద పరిశోధన చేసే ఆ సంస్థని 1987 నవంబర్‌లో జాతికి అంకితం చేసింది ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ. నాలుగేళ్ళు తిరక్కుండా, 1991 మే 21 రాత్రి, శ్రీపెరుంబుదూరులో ఆయన్ని బాంబుతో పేల్చేశారు. పేల్చిన మనిషీ ముక్కలైపోయింది. అక్కడ తూటా లేదు, సాక్షుల్లో చాలామంది బతికి లేరు. మిగిలినవి చనిపోయిన ఒక ఫొటోగ్రాఫరు కెమెరాలోని ఫిల్ము రోలు, గుడ్డ ముక్కలు, మాంసపు ముక్కలు. ఏ ముక్క ఎవరిది? ఆ కేసులో డి.ఎన్.ఏ. పరీక్షలు చేసింది ఈ గేటు లోపలే, లాల్జీ సింగ్ బృందం. తాను ప్రారంభించిన ప్రయోగశాలలో తన చావుకే సాక్ష్యం వెదకడం! ఏ రచయిత రాసినా అతికినట్టుంది అంటాం. అంతకన్నా వింత, ఆ పరీక్షకి లాల్జీ సింగ్‌కి దారి చూపింది కట్లపాము జాతి మీద ఆయన చేసిన పరిశోధన.

"ఇక్కడ ఒక ముక్క వస్తే ముందు ఏం రాస్తారో తెలుసా?" అన్నాడు బావ. "ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, సీలు పగిలిందా లేదా. అది రాశాకే పరీక్ష. ఆ కాగితం లేకపోతే ఎంత గొప్ప పరీక్షయినా కోర్టులో చెల్లదు. నీ గోడపత్రికలో ఆ ఒక్క లైనే లేదు."

కెనెడీ సంగతి ఆ తర్వాత ఏళ్ళ తరబడి చదివాను, ప్రాయశ్చిత్తంలాగా. 1979లో అమెరికా పార్లమెంటు కమిటీ మళ్ళీ విచారించింది. తొమ్మిదిమంది నిపుణులు శవపరీక్ష ఫొటోలూ ఎక్స్‌రేలూ చూశారు. ఎనిమిదిమంది ఒకే తూటా వాదం సబబే అన్నారు. డాక్టరు సిరిల్ వెక్ట్ ఒక్కడు కాదన్నాడు. అదే కమిటీ ఒక పోలీసు రికార్డింగులో నాలుగు కాల్పుల చప్పుడు వినిపిస్తోందని, బహుశా కుట్రేనని రాసింది. 1982లో శాస్త్రవేత్తలు ఆ చప్పుడు లెక్క తప్పని తేల్చారు. స్టోన్ సినిమా వల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. ఆ గొడవతోనే 1992లో రహస్య కాగితాలు బయటపెట్టే చట్టం వచ్చింది. లక్షల పేజీలు జనం ముందుకొచ్చాయి. 2025 మార్చిలో కూడా కొన్ని వచ్చాయి. కుర్చీలు తప్పు వేసిన సినిమా కాగితాలు మాత్రం బయటికి తీయించింది. అందుకే నేను ఆ సినిమాని తిట్టను. ఇప్పుడు చప్పట్లు మాత్రం కూర్చునే కొడతాను.

జార్జి హత్యకి మాత్రం అలాంటి రెండో విచారణ లేదు, మూడో విచారణ లేదు. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. న్యాయం జరగలేదన్నది నిజం. దానికి నా కల్పన జోడిస్తే, ఎవడైనా వచ్చి కల్పనని చూపించి నిజాన్ని కూడా కొట్టిపారేస్తాడు.

2019లో దర్శకుడు జీవన్‌రెడ్డి 'జార్జిరెడ్డి' సినిమా తీశారు. సందీప్ మాధవ్ హీరో. విడుదలైన తేదీ చూసి ఉలిక్కిపడ్డాను. నవంబర్ 22! బావకి ఫోన్ చేస్తే నవ్వాడు. ఇప్పుడు పెద్ద డాక్టరు, తీరిక లేదన్నాడు. ఒక్కణ్ణే వెళ్ళాను. సినిమా సినిమాయే. బాగా తీశారు. చివర్లో హాలంతా నిశ్శబ్దం. నా కళ్ళూ తడిశాయి.

లైట్లు వేశాక వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్ళు. మెళ్ళో యూనివర్సిటీ ఐ.డి. కార్డులు. ఒకడు రెండోవాడికి చెప్తున్నాడు.

"సినిమాల సగమే చూపించిండ్రు రా. అప్పుడు మెస్సుల పనిచేసే ముసలాయన మొత్తం కళ్ళార చూసిండంట. గోడ మీద రాస్తే రాత్రికి రాత్రి చింపిపిచ్చిండ్రంట."

ఇరవయ్యారేళ్ళు! నా ఎర్ర స్కెచ్చు పెన్ను ఇంకా ఎండలేదు.

వెనక్కి తిరిగాను. "తమ్ముడూ, ఆయన ఆ రోజు ఊళ్ళో లేడు" అన్నాను.

"మీకెట్ల తెలుసు అంకుల్?"

"రాసింది నేనే. చింపింది కూడా నేనే. ఆయన చూడలేదని నాతోనే చెప్పాడు."

ఆ అబ్బాయి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మర్యాద తెలిసిన పిల్లాడు, ఎదురు చెప్పలేదు.

"కావచ్చు అంకుల్" అన్నాడు లేస్తూ. "గానీ హాస్టల్ల అందరు అట్లనే చెప్తరు."